‘తీవ్రం’ అన్న ఒక్క మాట వెనక ఎన్ని కొలతలు?

సంక్షిప్తంగా: తుపాను, వాన, వరద, ఎండ, కరువు, భూకంపం పెరిగిన తీరును చెప్పడానికి ఇంగ్లిష్ బులెటిన్లు వేర్వేరు మాటలు వాడతాయి. ప్రతి మాట వెనకా ఒక నిర్ణీత కొలత ఉంటుంది. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి వాటిలో చాలావరకు ‘తీవ్రం’, ‘బలపడింది’ అన్న రెండు మాటల్లో కలిసిపోతున్నాయి. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో దీని ప్రభావం వరద ప్రమాదాన్ని అంచనా వేసుకోవడం దగ్గర మొదలై కరువు సాయం దాకా పోతోంది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున బంగాళాఖాతంలోని ఒక వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్కలో అది తుపాను కాదు, తీవ్ర వాయుగుండం కూడా కాదు. అదే ఉదయం అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే తెగింది. స్పిల్‌వే గుండా 2.17 లక్షల క్యూసెక్కులు వదిలేందుకు కట్టిన ప్రాజెక్టు మీదికి 3 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చిపడింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి ఊళ్లలో ఇళ్లు కూలాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఆ ముందు రోజుల బులెటిన్లలో తప్పేమీ లేదు. వాయుగుండం అన్నది నిజమే, భారీ వర్షాల హెచ్చరికలూ ఉన్నాయి. అయితే ‘తుపాను కాదు, వాయుగుండమే’ అన్న మాట చెవిన పడ్డవారికి ముప్పు చిన్నదనిపించడం సహజం. చిక్కంతా ఇక్కడే ఉంది. వాయుగుండం, తుపాను అన్న పేర్లు కొలిచేది గాలిని. కట్టను తెంచింది వాన.

గాలిని కొలిచే మెట్లు

బంగాళాఖాతంలో ఏర్పడే వ్యవస్థలకు భారత వాతావరణ శాఖ పెట్టే పేర్లన్నిటికీ ఆధారం ఒక్కటే: ఉపరితలం మీద నిలకడగా వీచే గాలి గరిష్ఠ వేగం. అది గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి సుమారు 50 దాకా వాయుగుండం. ఆపైన 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 తాకితే తుపాను అవుతుంది, దానికి ఒక పేరు పెడతారు. 89 దగ్గర తీవ్ర తుపాను, 118 ప్రాంతంలో అతి తీవ్ర తుపాను, 166 దాటాక అత్యంత తీవ్ర తుపాను, 221 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచినది ఈ చివరి మెట్టుకు చెందినదే.

ఈ వరుసలో ‘తీవ్ర’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో గమనిస్తే తికమక మూలం దొరుకుతుంది. అల్పపీడనానికీ వాయుగుండానికీ మధ్య ఉన్న దశను ఇంగ్లిష్‌లో ‘వెల్ మార్క్‌డ్’ అంటారు. పటం మీద స్పష్టంగా రూపు కట్టిందని దాని అర్థం. వాయుగుండం తరవాతి దశకు ‘డీప్’ అంటారు, అంటే లోతైనదని. తుపాను తరవాతి దశకు ‘సివియర్’ అంటారు. స్పష్టమైనది, లోతైనది, కఠినమైనది అన్న మూడు వేర్వేరు విశేషణాలనూ తెలుగు పత్రికలు ‘తీవ్ర’ అనే రాస్తున్నాయి. ‘సుస్పష్ట అల్పపీడనం’ అని కొందరు రాసినా ఆ మాట అంతగా నిలవలేదు. ఫలితంగా గంటకు 30 కిలోమీటర్ల గాలి కూడా లేని ‘తీవ్ర అల్పపీడనం’, 90 కిలోమీటర్ల గాలి ఉన్న ‘తీవ్ర తుపాను’ ఒకే విశేషణంతో పాఠకుడి ముందుకు వస్తున్నాయి.

‘అల్పపీడనం బలపడింది’ అన్న వాక్యంలోనూ ఒక ముడి ఉంది. పీడనం అల్పమైతే బలపడటం ఏమిటన్న సందేహం న్యాయమైనదే. సముద్రమట్టంలో గాలి పీడనం మామూలుగా 1013 హెక్టాపాస్కల్స్ ఉంటుంది. మధ్యభాగంలో అది ఎంత పడిపోతే చుట్టుపక్కల గాలి అంత వేగంగా అటు పరుగెత్తుతుంది. అంకె తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. అందుకే ఇంగ్లిష్‌లో పీడనం పడిపోవడాన్ని ‘డీపెన్’ అని, గాలి పెరగడాన్ని ‘ఇంటెన్సిఫై’ అని విడివిడిగా చెబుతారు. ఒకటి కారణం, రెండోది ఫలితం. తెలుగులో రెండిటికీ ‘బలపడటం’ ఒక్కటే చలామణిలో ఉంది.

బలం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా ముఖ్యం. సముద్రపు నీరు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు ఆవిరి విపరీతంగా పైకి లేస్తుంది. ఆ ఆవిరి పైన చల్లబడి మేఘంగా మారేటప్పుడు, తనలో దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, మరింత తేమగాలి లోపలికి వస్తుంది. పై గాలులు అడ్డదిడ్డంగా వీచి ఈ గొలుసును చెదరగొట్టకపోతే వ్యవస్థ గంటల్లో ముదురుతుంది. 24 గంటల్లో గాలి వేగం 55 కిలోమీటర్లు పెరిగితే దాన్ని వేగవంతమైన తీవ్రీకరణ అంటారు. మత్స్యకారులకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. సాయంత్రం చూసిన బులెటిన్ మరునాడు ఉదయానికి పనికిరాకుండా పోతుంది.

తీరం దాటాక వెచ్చటి నీటి సరఫరా తెగిపోతుంది. రాయలసీమ చేరేసరికి చాలా వ్యవస్థలు ‘బలహీనపడ్డాయి’ అన్న వార్త రావడానికి కారణం అదే. బలహీనపడేది గాలి మాత్రమే. అది మోసుకొచ్చిన తేమ అలాగే ఉంటుంది. ఆ తేమగాలి వెలిగొండ, పాలకొండ, శేషాచలం కొండల వరసకు తగిలి పైకి లేస్తే వాన దంచికొడుతుంది. నెమ్మదిగా కదిలే బలహీన వ్యవస్థ, వేగంగా దాటిపోయే తుపాను కన్నా ఒకే చోట ఎక్కువ నీళ్లు కుమ్మరించగలదు. కడప జిల్లా తూర్పు మండలాల్లో ‘బలహీనపడిన’ అన్న మాటను ఊరటగా తీసుకోకూడదు.

వానకు వేరే కొలబద్ద

వానను కొలిచే కొలబద్ద పూర్తిగా వేరు. ఉదయం 8.30 నుంచి మరునాడు ఉదయం 8.30 దాకా పడిన వర్షం 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 తాకితే అతి భారీ, 204.5 తాకితే అత్యంత భారీ. ఈ హద్దులు దేశమంతటికీ ఒక్కటే. కొంకణ తీరంలో వానాకాలంలో 115 మిల్లీమీటర్లు పెద్ద విశేషం కాదు. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడే అనంతపురంలో అత్యంత భారీ వర్షం ఒక్కరోజు కురిసిందంటే, ఏడాది వానలో మూడో వంతుకు మించి ఒక్క పగలూ రాత్రిలో పడినట్టు. అక్కడి చెరువు కట్టలు, తూములు, కల్వర్టులు ఆ నీటిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఒకే పేరున్న వాన రెండు ఊళ్లలో రెండు రకాల విపత్తు అవుతుంది.

ఈ కొలతలో మరో లోపం ఉంది. 120 మిల్లీమీటర్లు రోజంతా నిదానంగా పడితే ఎర్ర నేల చాలావరకు తాగేస్తుంది. అదే వాన రెండు గంటల్లో పడితే వంకలు పొంగుతాయి. శాస్త్రంలో ‘ఇంటెన్సిటీ’ అన్న మాటను గంటకు ఎన్ని మిల్లీమీటర్లు అన్న లెక్కకే వాడతారు. భారీ, అతి భారీ అన్నవి పరిమాణాన్ని చెప్పే మాటలు, ధాటిని చెప్పేవి కావు. వాతావరణ మార్పు గురించి ‘వానలు తీవ్రమవుతున్నాయి’ అన్నప్పుడు చాలామందికి మొత్తం వర్షం పెరుగుతోందన్న అర్థం తోస్తుంది. శాస్త్రవేత్తలు ముఖ్యంగా చెబుతున్నది ధాటి గురించి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పట్టుకున్నది వదిలినప్పుడు కుంభవృష్టి అవుతుంది. ఏడాది మొత్తం పెద్దగా మారకుండానే వాన పడే రోజులు తగ్గి, పడిన రోజున ఊరు ముంచే పరిస్థితి రావచ్చు. మెట్ట పంటల ప్రాంతానికి ఇంతకన్నా నష్టం కలిగించే కలయిక లేదు.

కర్నూలు దీన్ని 2009లోనే చూసింది. ఆ ఏడాది నైరుతి రుతుపవనాల్లో దేశవ్యాప్తంగా వర్షం 22 శాతం తక్కువ పడింది. ఖరీఫ్ పంట ఎండిపోయిందన్న ఆవేదన సద్దుమణగకముందే సెప్టెంబరు చివర్లో తుంగభద్ర, కృష్ణ పరీవాహకాల్లో ఎడతెగని వానలు మొదలయ్యాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. మంత్రాలయం నీట మునిగింది. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కుల ప్రాంతంలో ప్రవాహం వచ్చిందని నమోదైంది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీరు సుమారు 896 అడుగులకు చేరింది. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో తుపాను ఏదీ లేదు. గాలి మెట్ల ప్రకారం చూస్తే చెప్పుకోదగ్గ వార్తే కాదు.

వరద విషయంలో కేంద్ర జలసంఘం వాడే మాటలు కొంత నయం. హెచ్చరిక మట్టం దాటితే సాధారణం కన్నా ఎక్కువ, ప్రమాద మట్టం దాటితే ‘సివియర్’, అంతకుముందు నమోదైన గరిష్ఠ మట్టాన్ని అందుకున్నా దాటినా ‘ఎక్స్‌ట్రీమ్’. చివరి మాటకు కొలత చరిత్రే. ఆ నది ఆ చోట ఇంతకుముందు ఎంత ఎత్తుకు వచ్చిందో దానితోనే పోలిక. స్థానికులకు గోడ మీద గీసిన పాత వరద గుర్తు ఏం చెబుతుందో ఈ మాటా అదే చెబుతుంది. అందుకే త్వరగా అర్థమవుతుంది.

ఎండకు రెండు లెక్కలు

మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ రోజుకు ఉండాల్సిన దానికన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి, అంతకు మించితే తీవ్ర వడగాలి. ఇది ఒక లెక్క. తేడాతో పని లేకుండా 45 డిగ్రీలు తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. ఇది రెండో లెక్క.

మే నెలలో కర్నూలు పగటి ఉష్ణోగ్రత మామూలుగానే 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 43 డిగ్రీల రోజున తేడా 3 డిగ్రీలే కాబట్టి మొదటి లెక్కలో అది వడగాలి కాదు, 45 లేదు కాబట్టి రెండో లెక్కలోనూ కాదు. అదే 43 డిగ్రీలు మామూలుగా 37 ఉండే తీర పట్టణంలో నమోదైతే వడగాలి హెచ్చరిక వస్తుంది. మిట్టమధ్యాహ్నం నాపరాయి గనిలోనో ఉపాధి హామీ పనిలోనో ఉన్న కూలీ ఒంటికి ఈ తేడా తెలియదు. సగటుకు దూరాన్ని కొలిచే మాట, సగటే ఎక్కువగా ఉన్న చోట మౌనంగా ఉండిపోతుంది. హెచ్చరిక రాలేదు గనక ప్రమాదం లేదనుకోవడం ఇక్కడ ప్రాణాంతకం.

భూకంపం: రెండు మాటలకు ఒకటే తెలుగు

2024 డిసెంబరు 4న తెలంగాణలోని ములుగు ప్రాంతంలో 5.3 భూకంపం వచ్చింది. తెలుగు వార్తలు చాలావరకు దాన్ని ‘తీవ్రత 5.3’ అనే రాశాయి. శాస్త్రంలో ఆ అంకె ‘మాగ్నిట్యూడ్’, భూకంప కేంద్రంలో విడుదలైన శక్తికి సంబంధించినది. ఒక భూకంపానికి ఒకటే ఉంటుంది. ‘ఇంటెన్సిటీ’ వేరు. అది ఏ ఊళ్లో ఎంత ఊగిందన్నది చెబుతుంది కాబట్టి ఊరూరికీ మారుతుంది. కేంద్రానికి దగ్గరలో గోడలు బీటలు వారవచ్చు, దూరాన గిన్నెలు కదలవచ్చు, ఇంకా దూరాన ఏమీ తెలియకపోవచ్చు. మొదటిదాన్ని ‘పరిమాణం’ అని, రెండోదాన్ని ‘తీవ్రత’ అని వేరుచేస్తే సరిపోయే విషయమిది. పైగా మొదటి కొలతలో ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 5 కన్నా 6 ‘కొంచెం ఎక్కువ’ కాదు.

పర్యాయపదాల జాబితా చెప్పనిది

నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుమోసిన ఊరు. అక్కడే కాదు, ఇంగ్లిష్ పేపరుకు తయారయ్యే అభ్యర్థులు ఎక్కడున్నా ఇంటెన్సిఫై, స్ట్రెంతెన్, ఎస్కలేట్, ఆగ్రవేట్, ఎగ్జాసర్బేట్, సర్జ్, స్పైక్ అన్న మాటలను ఒకే గుంపుగా కంఠస్థం చేస్తారు. అన్నిటికీ ‘పెరుగు, తీవ్రమగు’ అన్న అర్థమే రాసుకుంటారు. ఖాళీలు పూరించే ప్రశ్న దగ్గర దెబ్బతినేది అందుకే.

వీటిలో ప్రతిదానికీ తనదైన పరిమితి ఉంది. ఇంటెన్సిఫై మంచికీ చెడుకీ వర్తిస్తుంది: గాలింపు కావచ్చు, తుపాను కావచ్చు. ఆగ్రవేట్, ఎగ్జాసర్బేట్ అప్పటికే ఉన్న చెడుకు మాత్రమే. మొదటిదాని లాటిన్ మూలంలో బరువు ఉంది, రెండోదానిలో చేదు, కటువుదనం ఉన్నాయి. ఆరోగ్యం ఎగ్జాసర్బేట్ కాదు, జబ్బు అవుతుంది. ఎస్కలేట్ మెట్టు మీద మెట్టుగా పైకి పోవడం. ఎస్కలేటర్ అన్న పేరు నుంచి పుట్టిన క్రియ కాబట్టి గొడవలు, ఖర్చులు, ఆరోపణలకు చక్కగా నప్పుతుంది. సర్జ్ ఉప్పెనలా మీదికి రావడం. స్పైక్ ఎగిసి మళ్లీ పడిపోయే పెరుగుదల. టమాటా ధర రెండు వారాలు ఎగిసి దిగితే స్పైక్, ఏడాది పొడవునా ఎక్కుతూ పోతే కాదు.

తెలుగుకు ఈ తేడాలు చెప్పే శక్తి లేదనుకోవడం పొరపాటు. ఎండ, జబ్బు, తగువు ‘ముదురుతాయి’. అవినీతి, ఆగడాలు ‘పెచ్చుమీరుతాయి’. రుతుపవనాలు, వ్యాపారం ‘పుంజుకుంటాయి’. నాట్లు, ప్రచారం ‘ఊపందుకుంటాయి’. వివాదం ‘రాజుకుంటుంది’, అల్లర్లు ‘చెలరేగుతాయి’. పుంజుకోవడంలో తగ్గి మళ్లీ లేవడం ఉంది, ముదరడంలో కాలం గడిచేకొద్దీ చెయ్యి దాటిపోవడం ఉంది. అవినీతి పుంజుకుందని తెలుగు తెలిసినవారెవరూ అనరు. 1820లో ఉద్యోగరీత్యా కడప చేరిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించినప్పుడు గ్రంథభాషతో పాటు జనం నోట ఉన్న వాడుకనూ లెక్కలోకి తీసుకున్నాడు. ఇప్పటి వార్తా గదికీ అనువాదకుడికీ కావలసింది ఆ పద్ధతే. ఒక్క ‘తీవ్రతరం’తో అన్నీ సరిపెట్టడం వల్ల ఉన్న మాటలే మరుగున పడుతున్నాయి.

కరువు: మాటకు డబ్బుతో ముడి

మిగిలిన చోట్ల మాట పొరపాటైతే అంచనా తప్పుతుంది. కరువు దగ్గర మాటే నిర్ణయం. ‘మోడరేట్’ను మధ్యస్థ కరువు అని, ‘సివియర్’ను తీవ్ర కరువు అని ప్రభుత్వ ఉత్తర్వుల్లో రాస్తారు. 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధి సాయానికి అర్హత తీవ్ర కరువుకే. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినప్పుడు 80 తీవ్ర, 23 మధ్యస్థ జాబితాల్లో చేరాయి. వాటిలో కర్నూలు, అనంతపురం జిల్లాల మండలాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

తీవ్రతను తేల్చే పద్ధతి అంచెలంచెలుగా ఉంటుంది. మొదట వర్షపాతం లోటు, వానకూ వానకూ మధ్య వచ్చిన డ్రై స్పెల్ చూస్తారు. ఆ గీటు దాటిన మండలాల్లో సాగు విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భజలాల స్థితి పరిశీలిస్తారు. ఎక్కువ సూచికలు తీవ్ర స్థాయిని చూపితే తీవ్ర కరువు, కొన్నే చూపితే మధ్యస్థం. ఆపైన ఎంపిక చేసిన గ్రామాల్లో క్షేత్ర పరిశీలన. ఖరీఫ్ విషయంలో ఇదంతా అక్టోబరు నెలాఖరుకు తేలాలి.

ఈ లెక్క తుపాను మెట్లలాంటిది కాదు. తుపాను మెట్టును ఒక్క అంకె తేలుస్తుంది. కరువు మెట్టును తేల్చేది ఎన్ని సూచికలు ఏ స్థాయిలో ఉన్నాయన్న లెక్క. రైతు చూసే కరువుకు, జాబితాలోని కరువుకు మధ్య ఎడం వచ్చేది ఈ లెక్క దగ్గరే. అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ పూత తరవాత ఊడలు దిగే దశ ఉంటుంది. పూత నుంచి దిగిన ఊడ నేలలోకి గుచ్చుకుంటేనే కాయ. పైపొర గట్టిపడితే ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ సమయంలో మూడు వారాలు చినుకు పడకపోతే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయలు ఉండవు. ఉపగ్రహానికి కనిపించేది పచ్చదనమే. తేలిక నేలల్లో 3 వారాలు, మిగిలిన చోట్ల 4 వారాలు అని డ్రై స్పెల్‌కు మాన్యువల్ వేర్వేరు గడువులు పెట్టడంలో ఈ వాస్తవానికి కొంత గుర్తింపు ఉంది. నల్లరేగడి తేమను పట్టి ఉంచినన్ని రోజులు ఎర్ర నేల ఉంచలేదు.

తరవాత సెప్టెంబరు చివర్లో రెండు గట్టి వానలు పడితే మండల వర్షపాతం పట్టికలో లోటు పూడిపోతుంది. పంటకు ఆ నీళ్లు అందే కాలం దాటిపోయింది. పట్టికలో మాత్రం ఆ మండలం తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగవచ్చు, ఒక్కోసారి జాబితా నుంచే జారిపోవచ్చు. పంట నష్టం 33 శాతం దాటితే పెట్టుబడి రాయితీ ఇవ్వాలన్న నిబంధన 2015 నుంచి ఉన్నా, నష్టాన్ని లెక్కగట్టే బృందం రావడం ఎక్కువగా ఆ జాబితా మీదే ఆధారపడుతుంది. మండలం పేరు పక్కన ‘తీవ్ర’ లేదా ‘మధ్యస్థ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, వర్షం లోటు శాతం, డ్రై స్పెల్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఏ సూచికలు ఏ స్థాయిలో ఉన్నాయన్నది కూడా ఉత్తర్వులో అచ్చువేస్తే, తన మండలం ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో రైతుకు తెలుస్తుంది. అభ్యంతరం చెప్పదలచుకుంటే దేనిమీద చెప్పాలో కూడా తెలుస్తుంది.